నదీముఖంలో ఏడాది పాటు వాడిన ఉప్పుదనం మీటరు

పొడవైన తీగ చివర ప్రోబ్ (నీటిలో ముంచి కొలిచే భాగం) ఉండే ఒక చేతి మీటరుతో, నది సముద్రంలో కలిసే చోట, వరద కాలంలోను, చలికాలంలోను, ఎండాకాలంలోను నీటి ఉప్పుదనాన్ని కొలిచి చూసిన తరువాతే ఈ సమీక్ష రాస్తున్నాను. మొదటి నెలలోనే రాసి ఉంటే నా అభిప్రాయం వేరుగా ఉండేది, ఎందుకంటే ఇటువంటి పరికరం బలం ఒక రుతువులో బయటపడితే బలహీనత మరో రుతువులో బయటపడుతుంది.

ఇది ఉప్పును నేరుగా కొలవదు. నీటి విద్యుత్ వాహకతను, ఉష్ణోగ్రతను కొలిచి, వాటి నుంచి లవణీయతను, అంటే కిలో నీటిలో సుమారు ఎన్ని గ్రాముల ఉప్పు ఉందో చెప్పే అంకెను, లెక్కగట్టి చూపుతుంది. లవణీయత 35 ఉన్న సముద్రపు నీటి వాహకత 25 డిగ్రీల సెల్సియస్ వద్ద సెంటీమీటరుకు సుమారు 53 మిల్లీసీమెన్స్ ఉంటుంది. అందువల్ల కొనేవారు మొట్టమొదట చూడవలసినది మీటరు ఎంతవరకు కొలవగలదన్నదే. 20 మిల్లీసీమెన్స్ వద్ద ఆగిపోయే రకాలు వరద రోజుల్లో చక్కగా పనిచేస్తున్నట్టే కనిపించి, లవణీయత 12 దాటేసరికి చేతులెత్తేస్తాయి. నేను ఎంచుకున్నది ఆ పరిమితి లేనిది కావడం నా అదృష్టమే తప్ప ముందుచూపు కాదు.

వరద కాలంలోనే ఈ మీటరు తన ఖరీదుకు న్యాయం చేసింది. ఆ రోజుల్లో తేలికైన నదీజలం పైన పరుచుకుని సముద్రం వైపు సాగుతుండగా, బరువైన ఉప్పునీరు అడుగున నాలుకలా ఎగువకు చొచ్చుకుని ఉంటుంది. బకెట్‌తో పైనీరు తోడి చూసినవారు నది అంతా మంచినీరే అనుకుంటారు. ప్రోబ్‌ను అర మీటరు చొప్పున దింపుతూ పోతే చాలాసేపు కదలని అంకె, రెండు పొరలు కలిసే చోట ఒక్కసారిగా ఎగబాకుతుంది. వరద మరీ ఉధృతమైనప్పుడు ఆ ఉప్పునీటి నాలుక పూర్తిగా సముద్రంలోకి నెట్టివేయబడి, అడుగున కూడా మంచినీటి అంకెలే కనిపించాయి. నీటిచుక్కలో కాంతి వంగే తీరును బట్టి ఉప్పుదనాన్ని చూపే రిఫ్రాక్టోమీటరు ఈ పని చేయలేదు. దానిపై వేసే నీటిచుక్కను కావలసిన లోతు నుంచి మనమే తెచ్చుకోవాలి, పైగా సాధారణ రకాల్లో ఒక్కో గీత ఒక యూనిట్ కాబట్టి సున్నాకు, ఒకటికి మధ్య ఏముందో కంటికి అందదు.

చలికాలం గురించి చెప్పవలసినది తక్కువ. వరద తగ్గి, ఉప్పు మెల్లగా ఎగువకు పాకింది. మీటరు ఏ ఇబ్బందీ పెట్టలేదు.

ఎండాకాలంలో నది ప్రవాహం సన్నగిల్లడంతో పోటు బలమే పైచేయి అవుతుంది. అమావాస్య, పౌర్ణమి దరిదాపుల్లో వచ్చే పెద్ద పోట్లు నీటిని పైనుంచి కిందివరకు బాగా కలుపుతాయి కాబట్టి ఉపరితలానికి, అడుగుకు అంకెల్లో తేడా తగ్గింది. అదే సమయంలో పరికరం లోపం బయటపడింది. వెచ్చని నీటిలో ప్రోబ్‌పై నాచు, జిగురు పొర త్వరగా పట్టి, అంకెలు అసలు కంటే తక్కువగా రావడం మొదలైంది. వాహకత ముందే తెలిసిన ప్రామాణిక ద్రావణంలో ముంచి చూసేదాకా ఆ సంగతి నాకు తెలియలేదు. వాడిన ప్రతిసారీ మంచినీటితో కడగడం, తరచుగా ద్రావణంతో సరిచూసుకోవడం తప్పనిసరి. సూచనల పత్రంలో ఈ మాట ఒక మూలన చిన్న అక్షరాల్లో ఉంది. మండే ఎండలో తెర చదవడం కూడా కష్టమే.

కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే మీటరు విడిగా ఉన్నవారికి దీనివల్ల ఇంకో ప్రయోజనం ఉంది. 25 డిగ్రీల వద్ద మంచినీరు గాలి నుంచి లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకోగలిగితే, సముద్రపు నీరు సుమారు 6.8 మాత్రమే పట్టుకుంటుంది. ఆక్సిజన్ మీటరులో లవణీయత అంకెను నమోదు చేయకుండా సున్నా వద్దే వదిలేస్తే, అది ఎండాకాలంలో లేని ఆక్సిజన్‌ను ఉన్నట్టు చూపుతుంది.

ఇందులో నాకు బాగా నచ్చిన సదుపాయం మాత్రం ప్రతి కొలతతో పాటు సమయాన్ని దాచుకోవడం. రోజుకు రెండు పోట్లు వచ్చే చోట పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అందుచేత రోజూ ఉదయం ఒకే గంటకు కొలిస్తే ఒకనాడు పోటును, మరోనాడు పాటును కొలిచినట్టవుతుంది. ఆ తేడాను రుతువు మార్పుగా పొరబడే ప్రమాదం ఉంది. నేను పోటు నిలిచే వేళకు మాత్రమే ప్రోబ్ దింపడం అలవాటు చేసుకున్నాక గానీ నా అంకెలు నెలల వారీగా పోల్చదగినవి కాలేదు.

తీగ పొడవును ఎంచుకునేటప్పుడు పాటు వేళ లోతును చూసి మోసపోవద్దు. నేను అలాగే చూసి పొట్టి తీగ తీసుకున్నాను. పెద్ద పోట్ల రోజుల్లో అది అడుగుకు అందడం లేదు, ఉప్పు ఎక్కువగా ఉండేది ఆ అడుగునే.