సూపర్‌నేచురల్: రెండుసార్లు పూర్తిగా చూశాక, అభిమానుల ఊహలతో కలిపి

సూపర్‌నేచురల్ అనే అమెరికన్ సీరియల్‌ను నేను మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చూశాను. 2005 సెప్టెంబరు 13న మొదలై 2020 నవంబరు 19న ముగిసిన ఈ కథకు 15 సీజన్లు, 327 ఎపిసోడ్లు. మొదటిసారి విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంట్లో తమ్ముడితో కలిసి ఏళ్ళ తరబడి చూశాను. వాడు గుంటూరు బ్రాడీపేటలో కాపురం పెట్టాక, ఒక శనివారం నేను వెళ్ళి, ఒక శనివారం వాడు వచ్చి, రెండోసారి పూర్తిచేశాం. చూసిన సమయం కంటే వాదించుకున్న సమయమే ఎక్కువ కనుక, అభిమానుల ఊహలను పక్కనపెట్టి ఈ సీరియల్‌ను అంచనా వేయడం నాకు చేతకాదు. కథ మలుపులన్నీ ఇక్కడ చెబుతున్నాను; ఇంకా చూడనివారు ఆ సంగతి గమనించగలరు.

మొదటి ఎపిసోడ్‌లో డీన్ వించెస్టర్ అర్ధరాత్రి తమ్ముడు శామ్ ఉన్నచోటికి వచ్చి, నాన్న వేటకు వెళ్ళి రోజులు గడిచినా ఇంటికి చేరలేదని చెబుతాడు. మా నాన్నగారు రైలింజను నడిపేవారు. ఆయన డ్యూటీకి వెళ్ళిన రాత్రుళ్ళు తలుపు గడియ వేసి, తమ్ముడికి అన్నం పెట్టి, వాడు నిద్రపోయాక పడుకోవడం నా పని. ఆ ఒక్క దృశ్యంతోనే డీన్ నాకు సొంతవాడయ్యాడు. 1967 నాటి షెవ్రొలే ఇంపాలా కారులో ఊరూరా తిరుగుతూ దయ్యాలను వేటాడే ఈ ఇద్దరి కథలో నాకు భయం కలిగించినవి దయ్యాలు కావు. ఒకరి కోసం ఒకరు ఎంత తప్పైనా చేయడానికి వెనకాడకపోవడమే.

సీరియల్‌లోని దయ్యాల నియమాలు మన ఇళ్ళకు కొత్తవి కావు. వాళ్ళు గుమ్మానికి అడ్డంగా ఉప్పు గీత గీస్తారు. మా నాయనమ్మ రాళ్ళ ఉప్పు, ఎండు మిరపకాయలు మా తల చుట్టూ తిప్పి పొయ్యిలో వేసేది. ఆత్మను వదిలించడానికి వాళ్ళు ఎముకలను తవ్వి తీసి, ఉప్పు చల్లి కాల్చేస్తారు. మొదటి సీజన్ చూస్తున్నప్పుడే తమ్ముడు ఒక ప్రశ్న వేశాడు: "అన్నయ్యా, మనం ఎలాగూ దహనం చేసి అస్థికలు కృష్ణలో కలుపుతాం కదా, ఆ లెక్కన మన ఊళ్ళో దయ్యమే ఉండకూడదు. మరి ఇన్ని దయ్యాల కథలెలా వచ్చాయి?" జవాబు సీరియల్‌లోనే దొరికింది. దేహం కాలిపోయినా, చనిపోయినవారి జుట్టో, వారు ప్రాణంగా చూసుకున్న వస్తువో మిగిలితే ఆత్మ దాన్ని అంటిపెట్టుకొని ఉండిపోవచ్చు. పోయినవారు వాడిన మంచాన్నీ పక్కబట్టలనూ ఇంట్లో ఉంచకుండా ఇచ్చేసే మన అలవాటును ఆ రోజు మేము కొత్తగా చూశాం. తెరమీది నియమాన్ని పట్టుకొని తెరబయటి ప్రశ్నకు జవాబు వెతకడం మాకు అక్కడే మొదలైంది.

అభిమానుల ఊహల్లో నేను అగ్రస్థానం ఇచ్చేది చక్ షర్లీ గురించిన దానికే. ఇతడు నాలుగో సీజన్‌లో, మాసిన బట్టలతో, తాగుడు అలవాటున్న చిన్న రచయితగా కనిపిస్తాడు. అతడు రాసిన నవలల్లో ఈ అన్నదమ్ముల జీవితం పొల్లుపోకుండా ఉంటుంది, అతడు ప్రవక్త అని దేవదూతలు చెబుతారు. ఐదో సీజన్ చివర, 2010 మేలో, అతడు కథకు చివరి మాట రాసి, తెల్లచొక్కాతో చిరునవ్వు నవ్వి, కూర్చున్నచోటే మాయమైపోయాడు. ఎవరూ ఏమీ వివరించలేదు. ఇతడు ప్రవక్త కాడు, సాక్షాత్తూ దేవుడే అని అభిమానులు ఆనాడే తేల్చేశారు. దానికి బలమైన అభ్యంతరం డీన్ మెడలోని తాయెత్తు. దేవుడు దగ్గరుంటే అది వేడెక్కి వెలగాలి. డీన్ దాన్ని వేసుకొని చక్ ఎదుటే నిలబడ్డా అది వెలగలేదు. వెలిగించడమూ ఆర్పడమూ దేవుడి చేతిలోనివే కదా అని ఊహను నమ్మినవారు వాదించారు. ఆరేళ్ళు గడిచాక, 2016 మేలో, పదకొండో సీజన్‌లో శామ్ జేబులోంచి ఆ తాయెత్తు వెలుగుతూ బయటపడింది. ఆ రాత్రి పదకొండు దాటాక తమ్ముడికి ఫోన్ చేస్తే, "చూశాను అన్నయ్యా, మాట్లాడకు" అని పెట్టేశాడు. మర్నాడు ప్రకాశం బ్యారేజీ మీద చివరిదాకా నడిచి వచ్చాం. ఆ తాయెత్తు తప్ప మరో ముచ్చట లేదు.

పద్నాలుగో సీజన్ ముగింపులో అదే దేవుడు ప్రతినాయకుడయ్యాడు. అన్నదమ్ముల కష్టాలన్నీ అతడు తన వినోదం కోసం రాసుకున్న కథలని తేలింది. కొందరు అభిమానులు దీన్ని ద్రోహంగా భావించారు; నాకు మాత్రం చక్ రచయితగా కనిపించిన తొలిరోజునే ఈ విత్తనం పడిందనిపిస్తుంది. అయితే ఆరు, ఏడు సీజన్లు సాగదీతే, రెండోసారీ వాటిలో నాకు కొత్తగా ఏమీ కనిపించలేదు.

ఐదో సీజన్‌లో ఒక ఎపిసోడ్ నన్ను నొప్పించింది, ఇప్పటికీ నొప్పిస్తుంది. లోకంలోని దేవతలందరినీ ఒక హోటల్లో చేర్చి, అందులో కాళిని, గణపతిని కూడా నరమాంసం తినేవారి మధ్య కూర్చోబెట్టి, లూసిఫర్ (సాతాను) ముందు నిలవలేనివారిగా చూపించారు. ఏటా వినాయక చవితికి పత్రి ఏరుకొచ్చే ఇంట్లో, కనకదుర్గమ్మ కొండ కింద పెరిగినవాడిగా, ఆ నలభై నిమిషాలు నేను భరించలేకపోయాను. బైబిల్ పాత్రలకు ఇచ్చినంత లోతును ఇతర విశ్వాసాలకు ఇవ్వకపోవడం ఈ సీరియల్ పెద్ద లోపం.

ఇక ముగింపు. 2020 నవంబరు 5న ప్రసారమైన ఎపిసోడ్‌లో దేవదూత కాస్టియల్ డీన్‌తో తన ప్రేమను చెప్పి, అదే క్షణంలో శూన్యంలో కలిసిపోయాడు. డీన్ నోట జవాబు రాలేదు. కాస్టియల్ మనసును ఏళ్ళుగా చదువుతూ వచ్చిన అభిమానుల ఊహ నిజమైంది, కానీ నిజమైన నిమిషంలోనే అతడు పోయాడు. వాళ్ళ ఆగ్రహం న్యాయమైనదే. కరోనా వల్ల ఆ ఏడాది మార్చిలో షూటింగ్ ఆగి, చివరి రెండు ఎపిసోడ్లు నెలల తర్వాత తీశారు. ఆఖరి ఎపిసోడ్‌లో స్వర్గానికి చేరగానే డీన్‌కు ఎదురొచ్చేది, ఈ అన్నదమ్ములను తండ్రిలా చూసుకున్న వేటగాడు బాబీ ఒక్కడే. కాస్టియల్ పేరు మాత్రం వినిపిస్తుంది, మనిషి కనిపించడు.

అదే ఎపిసోడ్‌లో, పాతకొట్టంలో రక్తపిశాచులతో పోరాడుతూ ఇనుప చువ్వ వీపులో దిగి డీన్ చనిపోతాడు. ప్రళయాన్ని ఆపినవాడికి ఇంత మామూలు చావా అని మొదటిసారి నేనూ కోపంతో టీవీ ఆపేశాను. ముందటి ఎపిసోడ్‌లో ఓడినట్టు చూపిన చక్ నిజంగా ఓడలేదని, ఈ ముగింపు కూడా అతడు రాసిందేనని కొందరి వాదన. తమ్ముడు ఇప్పటికీ ఆ పక్షమే. శామ్ భార్య ముఖం మసకగా మాత్రమే కనిపించడం వాడికి పెద్ద సాక్ష్యం, అది మొక్కుబడిగా రాసిన పాత్రకు గుర్తని అంటాడు. నేను ఒప్పుకోను. చక్ కోరుకున్నది అన్నదమ్ముల్లో ఒకరు మరొకరిని చంపే ముగింపు. కొట్టంలో మాత్రం తమ్ముడి చేయి పట్టుకొని, ఇక వెళ్ళమని చెప్పు అని డీన్ వాడిని అడుగుతాడు, శామ్ చెబుతాడు. చక్ ఏనాడూ రాయలేని దృశ్యం అది. రెండోసారి చూసినప్పుడు ఆ చువ్వ నాకు రచయిత లేని లోకంలో జరిగే ప్రమాదంలా కనిపించింది.

కొత్తగా చూసేవారు మొదటి ఐదు సీజన్లలోని 104 ఎపిసోడ్లను తప్పకుండా, వరుసగా చూడాలి. సృష్టికర్త ఎరిక్ క్రిప్కీ మొదట అనుకున్న కథ అక్కడికి పూర్తవుతుంది. ఆ తర్వాత పదకొండో సీజన్, చివరి రెండు సీజన్లు చూస్తే చక్ కథ తెలుస్తుంది. మేము సంక్రాంతికి మూడోసారి మొదలుపెట్టబోతున్నాం. చక్ కనిపించే ప్రతి దృశ్యాన్నీ రాసిపెట్టడానికి తమ్ముడు ఇప్పటికే ఒక నోటుబుక్కు కొన్నాడు.