బేరియాట్రిక్ శస్త్రచికిత్స తర్వాత మందుల సలహా: ఒక ఆసుపత్రి ఫార్మసీ సేవ

బరువు తగ్గించే (బేరియాట్రిక్) శస్త్రచికిత్సల్లో ఒకటైన గ్యాస్ట్రిక్ బైపాస్, అంటే కడుపును చిన్నది చేసి పేగుకు కలిపే ఆపరేషన్, చేయించుకున్న మా అక్కయ్య కోసం హైదరాబాదులోని ఒక ఆసుపత్రి ఫార్మసీ సలహా సేవను వినియోగించుకున్నాము. ఫార్మసిస్టుగారు పాత చీటీలన్నీ ఓపికగా చదివి, షుగరుకు వాడే, నెమ్మదిగా కరిగే మెట్‌ఫార్మిన్ ఎస్‌ఆర్ మాత్ర ఇప్పుడు పూర్తిగా ఒంటబట్టకపోవచ్చని గుర్తించి, సర్జన్‌తో మాట్లాడి సాధారణ మాత్రకు మార్పించారు. బరువు తగ్గేకొద్దీ బీపీ, షుగరు మందుల మోతాదు కూడా తగ్గించవలసి రావచ్చు కనుక రీడింగులు రాసి ఉంచమన్నారు.

నాకు అన్నిటికంటె నచ్చినది వేళల పట్టిక. థైరాయిడ్ మాత్ర పరగడుపున, దానికి కనీసం 4 గంటల ఎడంలో కాల్షియం, ఆపై మరో 2 గంటలు ఆగి ఐరన్ వేసుకునేలా దానిని తయారుచేశారు. కీళ్లనొప్పులకు అలవాటుగా కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి కడుపును పేగుకు కలిపిన కొత్త అతుకు దగ్గర పుండ్లు కలిగించవచ్చని, విటమిన్ బి12 మాత్రం జీవితాంతం అవసరమని స్పష్టంగా చెప్పారు.

లోపం బిల్లింగు కౌంటరులో ఉంది. కడుపులో ఆమ్లం తగ్గినా ఒంటబట్టే కాల్షియం సిట్రేట్ రాసి ఇస్తే, అక్కడ ఆమ్లం లేనిదే సరిగా ఒంటబట్టని కాల్షియం కార్బొనేట్ చేతిలో పెట్టారు. పైగా పట్టిక ఇంగ్లీషులోనే ఉండటంతో అక్కయ్యకు మేమే తెలుగులో రాసి ఇవ్వవలసివచ్చింది. సలహా కోసం నిస్సంకోచంగా వెళ్లవచ్చు గాని, మందుల అట్టపై పేరు సరిచూసుకున్నాకే డబ్బు చెల్లించండి.