గడ్డ తీశాక తలనొప్పి: పారాసిటమాల్ మేలా, పవరున్న నొప్పి మాత్ర మేలా?

బ్రెయిన్ స్ట్రోక్ వచ్చి, తొడ దగ్గర నుంచి తీగ పంపి మెదడు నాళంలోని రక్తపు గడ్డ లాగేసినవాళ్లని ఇంటికి పంపేటప్పుడు, మందుల కవరు చేతికిచ్చి ఏది ఎప్పుడు వెయ్యాలో చెప్పడం నా పని. ఇంటివాళ్లు అన్నీ విని, లేచి, తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి ఒకటే ప్రశ్న అడుగుతారు. "తలనొప్పి అంటున్నారు మేడమ్, ఇంట్లో ఏం వెయ్యమంటారు?" పారాసిటమాల్ అంటే చాలామంది ముఖం వాడిపోతుంది. "అది పని చెయ్యదండీ, కాస్త పవరున్నది చెప్పండి" అంటారు. ఆ పవరు సంగతే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఏ మాత్ర అనే ముందు, అది మాత్రతో పోయే నొప్పేనా అన్నది తేలాలి. మెదడుకి నొప్పి తెలియదు. దాని అడుగున ఉన్న పెద్ద రక్తనాళాలకీ, చుట్టూ ఉన్న పొరకీ మాత్రం బాగా తెలుసు. తీగ చివర ఉండే చిన్న వలలాంటి సాధనం, స్టెంట్ రిట్రీవర్, గడ్డని పట్టుకుని వెనక్కి వస్తుంటే నాళం కూడా దాంతోపాటు సాగుతుంది. పూర్తి మత్తు ఇవ్వకుండా చేసినప్పుడు కొందరు సరిగ్గా అప్పుడే మూలుగుతారు. అలా తీగ వల్ల నేరుగా వచ్చే నొప్పికి తలనొప్పుల అంతర్జాతీయ వర్గీకరణ ఇచ్చిన గడువు 24 గంటలే. కాబట్టి ఇంటికొచ్చాక వారానికి కొత్తగా మొదలైన నొప్పిని "ఆపరేషన్ నొప్పిలే" అని సర్దుకోవద్దు, డాక్టరుకి చెప్పాలి. స్ట్రోక్ వల్ల వచ్చిన నొప్పి కొన్ని వారాలు ఉండొచ్చు కానీ, అది మొదటినుంచీ ఉంటుంది, రోజులు గడిచేకొద్దీ తగ్గుముఖం పడుతుంది.

ఉన్నట్టుండి తల పగిలిపోయేంత నొప్పి, దాంతో వాంతులు, మగత, మాట తడబడటం, చెయ్యి మళ్లీ పట్టు తప్పడం, చూపు మసకబారడం, ఫిట్స్. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. నోట్లో మాత్ర వెయ్యకండి, నీళ్లు కూడా పట్టకండి. మింగుడు సరిగా లేని మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మెడలో నాళానికి స్టెంట్ కూడా వేసినవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఎన్నాళ్లో తక్కువ రక్తానికి అలవాటుపడ్డ మెదడు భాగానికి ఒక్కసారి ధార పెరుగుతుంది. ఒక పక్కే దడదడమని పోటు, బీపీ పైకి పోవడం, ఇవి నెలలోపు ఎప్పుడైనా రావచ్చు.

ఇవేవీ లేవు, నుదురు బరువుగా ఉందంతే అనుకుందాం. అప్పుడే మాత్రల సంగతి.

పవరున్నవి అంటే జనం అడిగేవి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్ రకాలు. నొప్పి మీద ఇవి గట్టిగా పనిచేస్తాయి. స్ట్రోక్ లేని మనిషికి పంటినొప్పికో మెడ పట్టుకో డాక్టర్లు రాసేదీ ఇవే, రాయడంలో తప్పూ లేదు. కానీ గడ్డ తీసిన మనిషి ఒంట్లో అప్పటికే ఇంకో మందు పనిచేస్తోంది. నా లెక్కలో తీర్పు చెప్పేది అదే.

రోజూ వేసే ఆస్పిరిన్ సంగతి చూడండి. రక్తం గడ్డ కట్టడానికి ముందుగా పోగయ్యే కణాలు ప్లేట్‌లెట్లు. ఒక్కో ప్లేట్‌లెట్‌లో ఆస్పిరిన్ కూర్చోవాల్సిన సీటు ఒకటుంది. ఒకసారి కూర్చుందంటే ఆ కణం బతికినన్నాళ్లూ, అంటే వారం పది రోజులు, లేవదు. అందుకే అంత చిన్న మాత్ర రోజుకి ఒక్కటి చాలు. ఐబుప్రోఫెన్‌కీ కావలసింది అదే సీటు. అది అక్కడ స్థిరంగా ఉండదు, బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టు కొన్ని గంటలు ఆపుకుంటుందంతే. ఆ గంటల్లో ఎక్కిన ఆస్పిరిన్‌కి చోటు దొరకదు. రక్తంలో అది ఎక్కువసేపు ఆగేదీ కాదు, దిగిపోతుంది. కాసేపటికి కర్చీఫ్ కూడా పోతుంది, సీటు ఖాళీ. మీరు ఆస్పిరిన్ వేశారు, డబ్బాలో మాత్ర తగ్గింది, కానీ ఆ రోజుకి కాపలా లేదు. అమెరికా ఔషధ సంస్థ 2006లోనే దీని గురించి హెచ్చరించింది. ఆస్పిరిన్ వేసిన అరగంటకి గానీ ఐబుప్రోఫెన్ వెయ్యొద్దని, ముందే వేసుంటే ఆస్పిరిన్‌కి 8 గంటలు ఆగాలని దాని లెక్క. ఆ లెక్క పూత లేని ఆస్పిరిన్‌కి. మన ఇళ్లలో ఉండే ఆస్పిరిన్ రకం ఎకోస్ప్రిన్‌కి పూత ఉంటుంది, ఎప్పుడు కరుగుతుందో గడియారం చూసి చెప్పలేం. అందుకే "ముందది వేసి తర్వాతిది వెయ్యండి" అనే సలహా నేనివ్వను.

డైక్లోఫెనాక్ విషయం ఇంకా సూటిగా ఉంది. స్ట్రోక్ వచ్చినవాళ్లు వాడకూడదని యూరప్ ఔషధ సంస్థ 2013లో తేల్చింది. పైగా ఈ రకం మాత్రలన్నీ బీపీని పెంచగలవు, కొన్ని బీపీ మందుల పట్టు సడలిస్తాయి. గుండె లయ తప్పి గడ్డ వచ్చినవాళ్లు ఆస్పిరిన్ బదులు అపిక్సాబాన్, డాబిగాట్రాన్, అసిట్రోమ్ లాంటి రక్తం పల్చబరిచే మందులు వాడుతుంటారు. వాళ్లకి సీటు తగవు లేదు గానీ రక్తస్రావం భయం రెట్టింపు.

పోయిన ఏడాది ఒకబ్బాయి తన తల్లిని తీసుకొచ్చాడు. గడ్డ తీసి పంపిన తొమ్మిదో రోజున తలనొప్పి, మెడ నొప్పి అందట. మెడికల్ షాపులో అడిగితే ఆరు మాత్రలు కత్తిరించి ఇచ్చారు. పూటకొకటి, రోజుకి రెండు. నొప్పి నిజంగానే తగ్గింది. నాలుగో రోజు పొద్దున ఆమె బాత్రూంలో కళ్లు తిరిగి కూలబడింది. విరేచనం తారులా నల్లగా అయింది. అబ్బాయి జేబులోంచి రేకు ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. వెనకవైపు తేదీలో సగం, ధరలో సగం ఉన్నాయి, పేరు లేదు. షాపుకి ఫోన్ చేయిస్తే ఏసిక్లోఫెనాక్ అని తేలింది. కడుపులో రక్తం ఆగాలంటే ఆమె రోజూ వేసే ఆస్పిరిన్, దానిలాగే ప్లేట్‌లెట్లని ఆపే క్లోపిడోగ్రెల్, రెండూ ఆపాలి. ఆపితే మళ్లీ గడ్డ భయం. రెండు పక్కలా నుయ్యీ గొయ్యిగా గడిచిన ఆ ఐదు రోజులూ ఆ అబ్బాయి వార్డు బయట కుర్చీలోంచి లేవలేదు. "గ్యాస్ మాత్ర వేస్తున్నాను కదా మేడమ్" అని అడుగుతూనే ఉన్నాడు. గ్యాస్ మాత్ర కొంత కాపాడుతుంది, పూర్తిగా కాదు. ఆమె కోలుకుంది.

అందుకే నా మొగ్గు పారాసిటమాల్ వైపు. ఆస్పిరిన్ సీటు జోలికి పోదు, ప్లేట్‌లెట్లని చెప్పుకోదగ్గంతగా కదిలించదు, కడుపుని కొరకదు. పవరు తక్కువన్నది కొంత నిజమే. కానీ చాలామంది సగం మాత్ర వేసి పావుగంట చూసి పని చెయ్యలేదంటారు. పెద్దవాళ్లకి 650 మాత్ర పూర్తిగా వేసి, గంటసేపు చీకటి గదిలో పడుకోనివ్వండి. మళ్లీ వెయ్యాలంటే ఆరు గంటలు ఆగాలి, డాక్టరుని అడక్కుండా రోజుకి మూడు దాటొద్దు. కాలేయం చెడినవాళ్లు, మద్యం అలవాటున్నవాళ్లు, బాగా బక్కపలచగా ఉన్నవాళ్లు ముందే అడగాలి. జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది, అది కూడా లెక్కలోకి వస్తుంది. అసిట్రోమ్ వాడేవాళ్లు వరసగా కొన్ని రోజులు వేస్తే ఐఎన్ఆర్, అంటే రక్తం ఎంత పల్చబడిందో చెప్పే లెక్క, పెరగొచ్చు, పరీక్ష చేయించాలి. మూడు రోజులైనా మాత్ర అవసరం పోవట్లేదంటే మాత్ర మార్చడం కాదు, మనిషిని చూపించడమే.

పారాసిటమాల్ కలిసినదల్లా ఒట్టి పారాసిటమాల్ కాదు. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రోఫెన్ ఉంది. జీరోడాల్ పి లో ఏసిక్లోఫెనాక్ ఉంది. డిస్ప్రిన్ ఆస్పిరినే, వేస్తే డోసు మీద డోసు.

ట్రమడాల్ అనే గట్టి నొప్పి మందు కలిసినవి ఇంట్లో వద్దు. మగత తెస్తాయి, మనం కనిపెట్టాల్సిందే మగతని. ఫిట్స్ వచ్చే అవకాశమూ పెంచుతాయి. పార్శ్వపు నొప్పికి వాడే వాసోగ్రెయిన్, ట్రిప్టాన్ మాత్రలు నాళాలని బిగిస్తాయి, స్ట్రోక్ వచ్చినవాళ్లకి పనికిరావు. అమృతాంజనం, శొంఠి పట్టు వేసుకుంటామంటే వేసుకోండి. సెలూన్లో మెడ విరిపించుకోవడం మాత్రం ససేమిరా వద్దు, మెడ నాళం లోపొర చిరిగే ప్రమాదం ఉంది.

కొన్నిసార్లు ఏ మాత్రా అక్కర్లేదు. రోజుకి నాలుగు కాఫీలు తాగే మనిషికి ఐసీయూలో ఒక్కసారిగా ఆగిపోతే ఆ వెలితి కూడా తలనొప్పే. రక్తం గడ్డ కట్టకుండా ఇచ్చే డైపిరిడమోల్, సిలోస్టజాల్ లాంటి మాత్రలే ఒక్కోసారి తలనొప్పి తెస్తాయి. కొత్త మాత్ర మొదలైన రోజూ నొప్పి మొదలైన రోజూ ఒకటేనేమో కాగితం మీద రాసి చూడండి. ఒకటే అయితే ఆ మాత్ర మీరే ఆపేయకుండా డాక్టరుకి చెప్పండి.

ఆ అబ్బాయి వచ్చి వెళ్లాక, మొదటి చెకప్‌కి వచ్చేవాళ్లందరినీ ఇంట్లో మాత్రల డబ్బా తెమ్మంటున్నాను. పోయిన వారం ఒకాయనతో కూతురు వచ్చింది, పాత బిస్కెట్ డబ్బా తెచ్చింది. బల్ల మీద కుమ్మరిస్తే ఇరవై మూడు రేకు ముక్కలు, పదకొండింటి మీద పేరే లేదు. ఒక్కొక్కటే పక్కకి తీసేశాం. మిగిలిన పారాసిటమాల్ షీటుని చిన్న కవర్లో వేసి, పైన స్కెచ్ పెన్నుతో ఆ అమ్మాయే రాసుకుంది: "నాన్న తలనొప్పికి ఇదొక్కటే."