ఒక్క రాత్రి కచేరీయా, రోజూ నడిచే వంటిల్లా?

పేరూ డబ్బూ వచ్చిన రాక్ సంగీతకారుడు నలుగురికి సాయపడాలంటే ఏ దారి మేలు? బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్ ఒకటి పట్టాడు, అమెరికన్ రాక్ గాయకుడు జాన్ బాన్ జోవి ఇంకోటి.

మొదలు: హారిసన్‌ది స్నేహం. బంగ్లాదేశ్ శరణార్థుల కోసం ఏదైనా చేద్దామని రవిశంకర్ అడిగితే వరసగా ఫోన్లు కొట్టాడు. బాబ్ డిలన్, ఎరిక్ క్లాప్టన్, రింగో స్టార్ లాంటి సంగీత తారలు వచ్చేశారు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో రెండు షోలు. బాన్ జోవి 2011లో భార్య డొరొతియాతో కలిసి న్యూజెర్సీలోని రెడ్ బ్యాంక్‌లో సోల్ కిచెన్ అనే భోజనశాల తెరిచాడు.

శ్రమ: కచేరీకి కొన్ని వారాల పరుగు. వంటింటికి ఏళ్ల తరబడి కూరగాయలు, అంట్లు. ఆ అంట్లు బాన్ జోవి కూడా తోమాడు.

డబ్బు: కచేరీ వసూళ్లలో సుమారు 2.43 లక్షల డాలర్లు యూనిసెఫ్‌కి చేరాయి. సోల్ కిచెన్ మెనూలోనైతే ధరలే ఉండవు. ఉన్నవాళ్లు ఇంకొకరి భోజనానికీ కలిపి ఇస్తారు, లేనివాళ్లు కాసేపు పనిచేసి తింటారు. దానం తీసుకున్నామన్న చిన్నతనం ఉండదు. నాకు నచ్చింది ఇదే.

రిస్క్: హారిసన్ చిక్కుకున్నది ఇక్కడే. పన్ను మినహాయింపు ముందే చూసుకోకపోవడంతో ఆ కచేరీ రికార్డు, సినిమాల మీద వచ్చిన సొమ్ములో చాలా భాగం ఏళ్ల తరబడి ఇరుక్కుపోయింది. శరణార్థి ఆకలి అన్నేళ్లు ఆగుతుందా? వంటింటి టెన్షన్ వేరు: తారకి ఆసక్తి తగ్గితే పొయ్యి ఆరిపోవచ్చు.

యుద్ధమో వరదో ముంచుకొచ్చి, పిలిస్తే కాదనని మిత్రులుంటే కచేరీ పెట్టాలి. కాకపోతే ముందు ఆడిటర్‌ని కలవాలి. ఉన్న ఊళ్లో రోజూ ఉండే ఆకలికైతే వంటిల్లే.