స్టీలు ఫిల్టరా, కరెంటు మెషీనా? రెండూ చాన్నాళ్లు వాడాక చెప్తున్నా

మా వంటింట్లో కాఫీ చేసుకునే స్టీలు ఫిల్టరు, కరెంటు డ్రిప్ మెషీను రెండూ కొన్నేళ్లుగా పక్కపక్కనే ఉన్నాయి, రెండూ వాడతాం. ఏది కొనాలి అని ఎవరడిగినా నేను తిరిగి అడిగేది ఒకటే, మీరు వాడేది ఏ పొడి అని.

చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) కలిపిన పొడి అయితే, అంటే కాఫీ 80కి చికోరీ 20 గానీ, 70కి 30 గానీ, ఇంకేం ఆలోచించొద్దు, ఫిల్టరే. చికోరీ ఉన్న మెత్తటి పొడిలోంచి నీళ్లు మెల్లగా దిగుతాయి, ఫిల్టర్లో అదే మనకి కావాల్సింది, పదిహేను ఇరవై నిమిషాలు చుక్కచుక్కగా దిగి డికాషన్ చిక్కగా వస్తుంది, పాలు పోసినా కాఫీ రుచి నిలబడుతుంది. మెషీను అలా ఆగదు, కింద దిగినా దిగకపోయినా పైనుంచి వేడినీళ్లు పోస్తూనే ఉంటుంది, దాంతో పొడి వేసే బుట్ట నిండి పొడి మొత్తం పొర్లిపోతుంది. పోనీ పొడి తగ్గిద్దామంటే పాలు పోశాక కాఫీ వాసన కూడా ఉండదు. ప్యాకెట్ మీద చికోరీ ఎంతో రాసుంటుంది చూసి కొనండి, మన దగ్గర 49 శాతం దాకా కలపొచ్చు.

మెషీను తీసిపారేయమని కాదు, అరకు అరబికా రకం కాఫీ లాంటిది చికోరీ లేకుండా కాస్త బరకగా పట్టించి పేపర్ ఫిల్టర్ పెట్టి చేస్తే, పాలు లేకుండా తాగేవాళ్లకి చాలా బాగుంటుంది, తేటగా, మంచి వాసనతో. దిగగానే ఫ్లాస్కులో పోసి స్విచ్ కట్టేయండి, ఆ వేడి ప్లేటు మీద అరగంట ఉంటే చేదెక్కిపోతుంది.

ఫిల్టర్లో పొడి గట్టిగా అదమొద్దు, సమంగా సర్ది పైన గొడుగు (కాడ ఉన్న చిల్లుల బిళ్ల) అలా ఆనించి, నీళ్లు మరిగాక అర నిమిషం ఆగి, ముందు పొడి తడిసేంత పోసి తర్వాత నింపండి. మా అత్తగారు రాత్రే వేసి పడుకుంటారు, పొద్దున హడావిడి ఉండదు. డికాషన్ మాత్రం మళ్లీ మరిగించొద్దు, పాలు పొంగించి అందులో కలుపుకోవడమే. దిగడం మరీ ఆలస్యమైతే చిల్లులు మూసుకుపోయినట్టే, ఆ పై గిన్నె అడుగుని స్టవ్ మంట మీద కాసేపు పట్టుకుంటే ఇరుక్కున్న పొడి కాలిపోతుంది, చల్లారాక కడిగేయండి.

సైజు కూడా ముఖ్యమే, ఇంట్లో ఇద్దరే ఉంటే చిన్నదే తీసుకోండి, పెద్దదాంట్లో కొంచెం పొడి వేస్తే పొర పల్చగా పడి నీళ్లు గబగబా జారిపోతాయి, చుట్టాలొచ్చే ఇల్లయితే పెద్దది ఇంకోటి విడిగా కొనుక్కోండి.