పీజీబ్యాక్‌రెస్ట్ నాలుగేళ్ల వాడకం: బ్యాకప్‌కి పూర్తి మార్కులు, రిస్టోర్ దగ్గర మాత్రం జాగ్రత్త

పీజీబ్యాక్‌రెస్ట్ అంటే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి బ్యాకప్ తీసి, తిరిగి రిస్టోర్ చేసే టూల్. మా సెటప్ ఇదీ: మాదాపూర్‌లో 900 జీబీ పోస్ట్‌గ్రెస్, ఆదివారం ఫుల్ (మొత్తం కాపీ), మిగతా రోజులు డిఫరెన్షియల్ (ఆ ఫుల్ తర్వాత మారినవే). మొదటి రెపో (బ్యాకప్‌లు దాచే చోటు) పక్క సర్వర్లో, రెండోది అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ ముంబైలో. 2022 నుంచి హైదరాబాద్‌లోనూ ఏడబ్ల్యూఎస్ రీజియన్ ఉంది గానీ, రెండు కాపీలూ ఒకే ఊళ్లో ఉంటే రెండోది ఎందుకు?

రెండో రెపోలో ఒక మెలిక ఉంది. వాల్ ఫైళ్లు (డేటాబేస్‌లో ప్రతి మార్పునీ రాసిపెట్టే లాగ్) రెండింటికీ వాటంతటవే వెళ్తాయి, బ్యాకప్ మాత్రం మొదటిదానికే వెళ్తుంది. రెపో=2 అని చెప్పి, టైముకి పనులు నడిపే క్రాన్‌లో ఇంకో లైను పెట్టకపోతే ముంబైలో ఉండేది ఉత్త వాల్ కుప్పే. దాంతో రిస్టోర్ కాదు.

డిఫాల్టులు మార్చుకోవాలి. ప్రాసెస్-మ్యాక్స్ (ఒకేసారి నడిచే ప్రాసెస్‌లు) 1 ఉంటుంది, మేం 4 పెట్టాం. కంప్రెషన్ జీజిప్ బదులు జెడ్‌స్టాండర్డ్. స్టార్ట్-ఫాస్ట్ ఆన్ చేయకపోతే తర్వాతి చెక్‌పాయింట్ (మెమరీలోని మార్పుల్ని డిస్కుకు రాసే ఘట్టం) వచ్చేదాకా బ్యాకప్ కదలదు, హ్యాంగ్ అయిందనుకుంటారు. రిటెన్షన్-ఫుల్ (ఎన్ని ఫుల్స్ ఉంచుకోవాలో) 2 అంటే డిస్కులో మూడు ఫుల్స్‌కి చోటుండాలి. కొత్తది పూర్తయ్యాకే పాతది పోతుంది మరి.

రెపో నిండితే ఆర్కైవ్ (వాల్ రెపోకి వెళ్లడం) ఆగి, 16 ఎంబీ వాల్ ఫైళ్లు ప్రైమరీలో (అసలు డేటాబేస్ సర్వర్లో) పేరుకుని, చివరికి డేటాబేసే పడిపోతుంది. ఆర్కైవ్-పుష్-క్యూ-మ్యాక్స్ పెడితే పడదు, కానీ హద్దు దాటిన వాల్‌ని వదిలేస్తుంది. అలా జరిగితే వెంటనే కొత్త బ్యాకప్ తీయాల్సిందే. మధ్యలోని గండి ఇక పూడదు.

అసలు పరీక్ష రిస్టోర్. మధ్యాహ్నం 3:10కి ఎవరో వేర్ (ఏ వరుసలో చెప్పే షరతు) లేకుండా డిలీట్ కొట్టి టేబుల్ మొత్తం చెరిపేశారనుకోండి. టార్గెట్ (ఏ క్షణం దాకా రిస్టోర్ కావాలో) తేదీతో పాటు 15:09:00+05:30 అనే రాయాలి. సర్వర్ యూటీసీలో ఉండి +05:30 మర్చిపోతే అది మన రాత్రి 8:39 అవుతుంది. ఆ టైము ఇంకా రాకపోతే పోస్ట్‌గ్రెస్ 13 నుంచి టార్గెట్ చేరలేదని ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. వచ్చేసి ఉంటే డిలీట్‌తో సహా రిస్టోర్ అవుతుంది, చప్పుడుండదు. టార్గెట్ చేరాక ఏం చేయాలో చెప్పే టార్గెట్-యాక్షన్ డిఫాల్ట్ పాజ్‌నే ఉంచండి. రీడ్-ఓన్లీలో వరుసల లెక్కలు చూసుకోవచ్చు. ఇంకా ముందుకెళ్లాలంటే టార్గెట్ మార్చి రీస్టార్ట్ చేస్తే చాలు. వెనక్కెళ్లాలంటే మాత్రం రిస్టోర్ మళ్లీ మొదట్నించి.

డెల్టా ఆప్షన్ భలే వేగం, మారిన ఫైళ్లే తెస్తుంది. అయితే బ్యాకప్‌లో లేని ఫైళ్లను డేటా డైరెక్టరీలోంచి చెరిపేస్తుంది. ఉన్న ఒక్క కాపీ మీద నడపొద్దు. వేరే మెషీన్‌లో లేపి, పోయిన వరుసలు అక్కణ్నుంచి తెచ్చుకోండి.

ఒక్క టేబుల్ రిస్టోర్ లేకపోవడం పెద్ద లోటు. డీబీ-ఇంక్లూడ్‌తో ఒక డేటాబేస్ వరకే వస్తుంది, మిగతావి సున్నాలతో నిండి వస్తాయి, డ్రాప్ చేయాలి. అందుకే ముఖ్యమైన టేబుళ్లకు రాత్రిపూట పీజీడంప్ (టేబుల్‌ని విడిగా ఫైల్‌లోకి తీసే పోస్ట్‌గ్రెస్ టూల్) కూడా నడుస్తోంది.

సైఫర్ పాస్‌వర్డ్ (బ్యాకప్‌ని ఎన్‌క్రిప్ట్ చేసేది) స్టాంజా-క్రియేట్‌కి, అంటే రెపోని మొదటిసారి సిద్ధం చేసే కమాండ్‌కి ముందే పెట్టాలి, తర్వాత మార్చలేం. అది ఉండేదేమో అదే సర్వర్లోని కాన్ఫిగ్ ఫైల్లో. సర్వర్ పోతే అదీ పోతుంది కాబట్టి మా దగ్గర ఒక కాపీ కాగితం మీద, అకౌంట్స్ వాళ్ల బీరువాలో ఉంది.