టమ్మీ టక్ తర్వాత ఆక్సిజన్ గొట్టంలో ఆరు సిట్టింగులు: 5కి 3 స్టార్లు

కొత్తపేటలో జాకెట్లు కుడతాను, మగ్గం వర్కు చేయిస్తాను. రెండు సిజేరియన్ల తర్వాత జారిన పొట్ట మిషను ముందు కూర్చుంటే ఒళ్లో పడేది. నలభై ఆరో ఏట ధైర్యం చేసి ఆపరేషన్ చేయించుకున్నాను. "ఈ వయసులో ఇదేం సోకే?" అన్నారు మా అత్తగారు. ఆ కథ ఇప్పుడొద్దు. ఇక్కడ రాస్తున్నది ఆపరేషన్ తర్వాత నేను వెళ్లిన హైపర్‌బేరిక్ ఆక్సిజన్ సెంటర్ గురించి, అంటే గాలి ఒత్తిడి పెంచిన గొట్టంలో పడుకోబెట్టి ఆక్సిజన్ పీల్పించే చోటు. పేరు మాత్రం రాయను, ఎందుకో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

మూడో రోజు కట్టు విప్పితే కుట్టుకి పైన, సరిగ్గా మధ్యలో, చూపుడు వేలంత వెడల్పున చర్మం నేరేడు పండు రంగుకి తిరిగి ఉంది. సర్జన్ గారు వేలితో నొక్కి వదిలి, రంగు ఎంతసేపటికి తిరిగొస్తుందో చూశారు. ముఖం కొంచెం మారింది. చర్మాన్ని లోపలి నుంచి విడదీసి కిందికి లాగి కుట్టడం వల్ల అడుగు నుంచి వచ్చే రక్తనాళాలు తెగిపోతాయట, ఇక రక్తం రావాలంటే పక్కల నుంచే రావాలట, మధ్య భాగానికి అందరికంటే ఆఖర్న అందుతుందట. నాకు వెంటనే అర్థమైంది. మాది అవనిగడ్డ వైపు. శివారు పొలానికి కాలవ నీళ్లు ఎలా వస్తాయో చిన్నప్పటి నుంచీ చూసినదాన్ని.

"ఆరు సిట్టింగులు చేయించండి, తర్వాత చూద్దాం" అన్నారాయన. అందం ఆపరేషన్ తర్వాత త్వరగా కోలుకోవడానికని అందరికీ ఇది రాయరట. వాపు తగ్గుతుందని, మచ్చ కనపడదని చెప్పి అమ్మేవాళ్లున్నా అలాంటి వాటికి గట్టి రుజువు లేదన్నారు. రక్తం సరిగ్గా అందని చర్మపు ముక్కని కాపాడుకోవడానికి మాత్రం వాడతారు. డైవింగ్ చేసేవాళ్లకి వచ్చే జబ్బు, బొగ్గు పొగ విషం, మానని షుగర్ పుండు, ఇవీ దాని అసలు పనులు.

ముందు ఇంటి దగ్గర ఒక బ్యూటీ క్లినిక్‌లో చవగ్గా ఉందంటే చూసొచ్చాను. గాలి నింపిన జిప్పు సంచి. పెళ్లిలో పిల్లలు గెంతే బెలూను గుర్తొచ్చింది. ప్రెషర్ 1.3. డాక్టరు ఎవరని అడిగితే రిసెప్షన్ అమ్మాయి నవ్వింది. సర్జన్ గారికి ఫోన్ చేస్తే "అది కాదమ్మా, గట్టి గోడల చాంబర్ కావాలి, రెండు దాటాలి" అన్నారు. అంటే మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడికి రెట్టింపు పైన.

సెంటర్‌లో డ్యూటీ డాక్టర్ బాగా చెప్పారు. గోలీ సోడాలో గ్యాసు నీళ్లలో కలిసి ఉండేది ఒత్తిడి వల్లే కదా, మీ రక్తంలో ఆక్సిజన్ సంగతీ అంతే అన్నారు. మామూలుగా గాలి పీలిస్తే 100 మిల్లీలీటర్ల రక్తంలో నేరుగా కరిగేది 0.3 మిల్లీలీటరు. ఒత్తిడి మూడింతలు చేసి వట్టి ఆక్సిజన్ పీలిస్తే 6 దాకా పోతుందట. నాకు పెట్టింది 2.4.

మొదటి రోజు మాత్రం ఇంటికి పంపేశారు. తలకి కొబ్బరినూనె రాసుకుని వెళ్లాను మరి. లోపలంతా ఆక్సిజనే, చిన్న రవ్వ పుట్టినా ఇట్టే అంటుకుంటుంది కాబట్టి నూనె, పౌడరు, స్టిక్కర్ బొట్టు, ఫోను, వాచీ ఏవీ కూడదు. నగలూ తీసేయాలి. మంగళసూత్రం దగ్గర మా అత్తగారు అడ్డం తిరిగారు. మర్నాడు పసుపు తాడుకి పసుపు కొమ్ము కట్టుకుని వెళ్లాను. సిస్టర్ వేళ్లతో తడిమి చూసి "నూలే కదా మేడం? పర్లేదు" అంది. మెట్టెలు సబ్బు నురగ పెట్టి ఆవిడే తీసింది. పొట్టకి వేసే బెల్టు నైలాను, అదీ తీయాల్సిందే. బదులు నూలు గుడ్డ నాలుగు చుట్లు చుట్టింది. అయినా గంటన్నర ఆ బెల్టు లేకుండా పడుకోవడం నాకు ఆక్సిజన్ కంటే పెద్ద పరీక్షైంది.

చాంబర్ అంటే అద్దంలా కనపడే పెద్ద గొట్టం. బల్ల మీద పడుకుంటే లోపలికి నెట్టి తలుపు బిగిస్తారు. చేతికి ఒక పట్టీ వైరు కడతారు, నిప్పురవ్వ పుట్టకుండా. ఒత్తిడి పెరిగేటప్పుడు లోపల ఉక్కపోత, తగ్గేటప్పుడు చల్లదనం. చెవులు తిరుమల ఘాట్‌ రోడ్డులో పట్టేసినట్టు పట్టేస్తాయి, అయితే అక్కడికంటే నాలుగింతలు. ముక్కు మూసుకుని ఊదమంటారు. ఊదితే పొట్టలో కుట్లు లాగుతున్నాయి! మైకులో చెప్తే సిస్టర్ ఒత్తిడి అక్కడే ఆపి, "ఊదకండి, మంచినీళ్లు గుటక గుటక మింగండి, దవడ కదపండి" అంది. ఆరు రోజులూ అద్దానికి అవతల కుర్చీ వేసుకుని, నా మొహం మీంచి చూపు తిప్పకుండా కూర్చుంది. ఆ మూడు స్టార్లలో రెండు ఆవిడవే.

బయట నాతోపాటు కూర్చునే నల్గొండ బాబాయి ఒకాయన, కాలి బొటనవేలికి షుగర్ పుండు. అప్పటికి ఇరవై ఏడో సిట్టింగట. "నీకేమైందమ్మా?" అని అడిగితే పొట్ట ఆపరేషన్ అన్నాను గానీ ఏ ఆపరేషనో చెప్పలేకపోయాను.

ఇక గౌను సంగతి. గోడ మీద బోర్డు: '100 శాతం కాటన్ మాత్రమే'. వాళ్లిచ్చిన గౌను పట్టుకోగానే నా వేళ్లకి తేడా తెలిసింది. నూలు ఇలా జారదు. అంచు నుంచి రెండు పోగులు లాగి ఇంటికి తెచ్చి అగ్గిపుల్ల పెట్టాను. నూలైతే కాగితంలా కాలి మెత్తటి బూడిదవుతుంది. ఇది ముడుచుకుపోయి, కొసన నల్లటి గట్టి పూసలా మిగిలింది. పాలిస్టర్ కలిసిందే. 2025 జనవరిలో అమెరికాలో, మిషిగన్‌లో, ఐదేళ్ల బాబు ఇలాంటి చాంబర్‌లో మంటలంటుకుని చనిపోయాడని మా అమ్మాయి చదివి వినిపించింది. నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఆ పూసని కాగితంలో మడిచి తీసుకెళ్లి మేనేజర్ టేబుల్ మీద పెట్టాను. కొట్టువాడు కాటనే అన్నాడండీ అన్నాడాయన. అప్పట్నుంచి నా మల్లు గుడ్డ నైటీ, పల్చటి అసలు నూలుది, నేనే తెచ్చుకున్నాను.

ఫలితం? ఆరో సిట్టింగుకి నేరేడు రంగు చాలావరకు గులాబీ రంగైంది. మధ్యలో రూపాయి బిళ్లంత నల్లగా పొక్కు కట్టి, నాలుగో వారంలో రాలిపోయింది. ఇది లేకపోయినా అంతే మానేదా అని అడిగాను. "చెప్పలేనమ్మా" అన్నారు సర్జన్ గారు. వాపు మాత్రం తగ్గాల్సినప్పుడే తగ్గింది.

డబ్బుల దగ్గరే నాకు మండింది. సిట్టింగు 4,000. ఆరింటికి 24,000. కౌంటర్‌లో మాత్రం పది సిట్టింగుల ప్యాకేజీ 35,000 అని, ఆపరేషన్ మత్తు వదలని దాని చేత ముందే కట్టించుకున్నారు. మధ్యలో ఒక రోజు జలుబు చేసింది. జలుబుతో చెవులు దెబ్బతింటాయని డాక్టరే వద్దన్నారు, అది న్యాయమే. కానీ ఆ రోజుని కూడా లెక్కలో కొట్టేశారు. మిగిలిన మూడూ వెనక్కిమ్మంటే, "వాడుకోండి మేడం, ముఖం మెరుస్తుంది" అన్నారు. 11,000 అంటే నాకు ఒక పెళ్లికూతురి జాకెట్టుకి వారం రోజులు పట్టే పని.

మొన్న అదే మేనేజర్ ఫోన్ చేశాడు. ఇరవై గౌన్లు అసలైన నూలుతో కుట్టిస్తే ఎంతవుతుందట. గుడ్డ ఒక్కటే కాదు, దారం కూడా నూలుదే ఉండాలి, ఇప్పుడు రీళ్లన్నీ పాలిస్టరే, నూలుది వెతికి తేవాలి అన్నాను. ముందు నా మూడు సిట్టింగుల డబ్బు వెనక్కిస్తే కొలతలు తీసుకోవడానికి వస్తానన్నాను.

ఆలోచించి చెప్తాడట.